అడుగుకు ఇరవై నాలుగు పేకలు

కొమురెల్లికి టేపు అక్కర్లేదు. కాశిబుగ్గలో ఆ గల్లీవాళ్లు కొత్త బీరువా కొనేముందు ఆయన్ని పిలిచేవారు. ఆయన గడప దగ్గర నిలబడి, గోడను ఓసారి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, "మూడు మూరల మీద బెత్తెడు. పట్టది, చిన్నది తెచ్చుకో" అనేవాడు. నమ్మనివాళ్లు తర్వాత టేపు పెట్టి చూసుకుని ఊరుకునేవారు. యాభై ఏళ్లుగా జంపఖానాలు నేసిన కన్ను అది.

ఆయన కూతురు స్నేహలతకు ఇదేమీ గొప్పగా తోచేది కాదు. తండ్రులందరూ ఇంతే అనుకునేది. రెండు గల్లీల అవతల కాపురం, ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం, రోజూ సాయంత్రం వచ్చి పోవడం. ఎదురుగానే ఉన్న మనిషిని చూడనే చూడలేదని ఆమెకు తెలిసింది ముప్పై నాలుగో ఏట, ఒక ఎండాకాలం సెలవుల్లో. దానికి కారణం కూడా ఆమె చేసిన తప్పే.

ఆ ఏడు ఇంటి పన్నులు కొత్తగా లెక్కగడతామని, ఎవరి ఇంటి వివరాలు వాళ్లే ఫోనులో నింపాలని మున్సిపాలిటీవాళ్లు చీటీలు పంచారు. స్నేహలత మగ్గం గది గడప మీద కూర్చుని ఒక్కో ప్రశ్నా చదివింది. కొమురెల్లి మగ్గం మీద నుంచే జవాబు చెప్పాడు. అంతస్తులు ఎన్ని, గోడలు ఇటుకవా మట్టివా, కప్పు రేకులా స్లాబా అని అడిగాక ఆమె తర్వాతిది చదివింది.

"భూమి మట్టం కింద ఏమన్న కట్టడం ఉన్నదా అని అడుగుతాండ్రు, బాపు."

"ఉన్నది. గిది లేదా?" అని కొమురెల్లి తన కాళ్లకేసి చూపించాడు.

కాళ్లు మగ్గం గుంటలో ఉన్నాయి. నేసేవాడు నేల మీద కూర్చుని, కాళ్లు కిందికి వదిలి, చెక్కలు తొక్కడానికి తవ్వుకునే గుంట అది. కొమురెల్లి తండ్రి తవ్వాడు. గోడలకు రాతి పలకలు పేర్చి, అడుగున ఎర్రమట్టి దంచాడు.

"గుంటను కూడ రాయాల్నా?"

"ఉన్నదాన్ని లేదని ఎట్లంటం, బిడ్డా. రాయి."

స్నేహలత 'ఉంది' అన్నదాని మీద వేలు పెట్టింది. దేనికి వాడుతున్నారు అని వచ్చింది. నివాసం, వ్యాపారం అని రెండే ఉన్నాయి.

"దాంట్ల నేను పంటనా? నేస్త. అమ్ముత. రెండోదే పెట్టు" అన్నాడు కొమురెల్లి.

లోపలి గదిలో నూలు కండెలు చుడుతున్న తల్లి సరోజన అక్కడి నుంచే అందుకుంది. "ఈయన నిజం చెప్పకపోతే రేపు పొద్దు పొడువదు. పెట్టు బిడ్డా, పెట్టు."

ముగ్గురూ నవ్వుకున్నారు. స్నేహలత ఫోను పర్సులో వేసుకుని ఇంటికి పోయింది.

నెల తర్వాత వార్డు బిల్ కలెక్టర్ ఓంప్రకాశ్ వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. ఇచ్చేసి వెంటనే పోకుండా బండి దగ్గరే నిలబడ్డాడు. స్నేహలత చదివింది. అనుమతి లేకుండా సెల్లార్ తవ్వి అందులో వ్యాపారం చేస్తున్నట్టు యజమానే ఒప్పుకున్నందువల్ల, పదిహేను రోజుల్లో దాన్ని పూడ్చి ఫొటో తీసి ఆఫీసులో ఇవ్వాలని, లేకుంటే తామే వచ్చి పూడ్చి ఆ ఖర్చు వసూలు చేస్తామని ఉంది. కింద కొత్త పన్ను. పాతదానికి నాలుగింతలు.

"సెల్లార్ ఏంది, ఓంప్రకాశ్? మాకు కారే లేదు" అంది సరోజన.

"నేను రాసింది కాదు చిన్నమ్మా. మీరే రాసిన్రు. కంప్యూటర్ గుంటను గుర్తుపట్టది, సెల్లార్‌నే గుర్తుపడతది" అన్నాడు ఓంప్రకాశ్, తల గోక్కుంటూ.

స్నేహలత కాగితం మళ్లీ మొదటి నుంచి చదివింది. గుంట పూడిస్తే మగ్గం లేదు. మగ్గం లేకపోతే బాపు ఏమిటో ఆమె ఊహకు అందలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఏ పొద్దయినా సరే, మొదట మొహం కడుక్కునేవాడు, తర్వాత కాళ్లు గుంటలో పెట్టేవాడు. ఆ తర్వాతే చాయ్.

ఎదురింటి సదానందం బనియన్ మీదే వచ్చి కాగితం తీసుకుని గట్టిగా చదివాడు. ఆయన పదేళ్ల కిందటే తన మగ్గం తీసేసి, గుంట పూడ్చి, పైన తెల్ల టైల్స్ వేయించుకున్నాడు.

"ఇగో కొమురెల్లి బావా, గీ మోరీ ఉన్నది సూడు. మూడుసార్లు తవ్విన్రు, మూడుసార్లు పూడ్చిన్రు. నాలుగోసారి బండలేసిన్రు. అన్నీ మన పైసలే. మనం డెబ్బై ఏండ్ల కింద ఒక్కసారి తవ్వుకుంటే నోటీసు" అన్నాడు, ఇంటి ముందున్న మురికికాలువ చూపిస్తూ.

"నువ్వైతే పూడ్చుకున్నవు కద బావా, నీకు రంది లేదు" అన్నాడు కొమురెల్లి.

సదానందం కాగితం మడిచి ఇచ్చేసి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చి, "ఎవనికన్న ఇచ్చేది ఉంటే చెప్పు, నా ఎరుకల మనిషి ఉన్నడు" అన్నాడు. కొమురెల్లి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

మర్నాడు తండ్రీ కూతుళ్లు ఆటోలో ఆఫీసుకు పోయారు. దారిలో చౌరస్తా దగ్గర ఆటో ఆగింది. అక్కడ కొత్తగా పూలమొక్కలు, రంగు దీపాలు, నీళ్లు చిమ్మే గొట్టాలు పెట్టారు. మధ్యలో సిమెంటు మగ్గం, మగ్గం ముందు సిమెంటు నేతగాడు. ఎన్ని లక్షలు పెట్టి కట్టారో పక్కనే బోర్డు మీద రాసి ఉంది. కొమురెల్లి తల బయటికి పెట్టి చాలాసేపు చూశాడు.

"పాపం" అన్నాడు.

"ఏమైంది బాపు?"

"కాళ్లు పెట్టుకునే జాగ లేదు ఆయనకు. బాసిపట్లేసుకొని కూసున్నడు. ఎట్ల తొక్కుతడు?"

ఆఫీసులో ఒక గదివాళ్లు ఇంకో గదికి పంపారు. అలా తిరగడానికే మూడు రోజులు పట్టింది. మూడో రోజు ఒక గుమాస్తా కాగితం తిప్పి చూసి, ఇల్లు కొలతలతో లైసెన్సు ఉన్న ఇంజినీరు గీసిన ప్లాన్ తెచ్చి, సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చుకొమ్మన్నాడు. ఇంజినీరు అడిగిన ఫీజు వింటే, దానికి కొమురెల్లి రెండు నెలలు నేయాలి.

"నా ఇల్లు నాకు ఎరుక లేదా, ఆయన వచ్చి చెప్పాలె?" అన్నాడు తిరుగు దారిలో.

"నీకు ఎరుకే బాపు. కాగితం మీద గీసియ్యాలె కద."

"కాగితం మీద నాకు రాదు."

అంతటితో ఆ మాట ఆపేశాడు.

తెల్లారి స్నేహలత వచ్చేసరికి ముసలివాళ్లిద్దరూ ఇంటిని కొలుస్తున్నారు. సరోజన ఒక కొసను గోడకు నొక్కి పట్టుకుంటే, కొమురెల్లి నూలు దారం లాక్కుంటూ రెండో గోడ దాకా పోయి ముడి వేస్తున్నాడు. వంటిల్లు, దేవుని గూడు, బావి ఉన్న చోటు, వేపచెట్టు మొదలు. కలం లేదు, కాగితం లేదు. దారం మీద ముడులే.

"జర గట్టిగ పట్టుకోవే."

"యాభై ఏండ్లసంది పట్టుకున్న. ఇంకెంత గట్టిగ పట్టుకోవాలె" అంది సరోజన.

ఆ మధ్యాహ్నమే కొమురెల్లి మగ్గం మీద కొత్త పని ఎత్తాడు. ఇంటి అడుగుకు మగ్గం మీద రెండంగుళాలు. అంగుళానికి పన్నెండు పేకలు, అంటే నిలువు దారాల మధ్య అడ్డంగా పన్నెండు వరుసల నూలు. అడుగుకు ఇరవై నాలుగు. గోడలకు నల్ల నూలు, నేలకు తెలుపు, చెట్టుకు పచ్చ, గుంటకు ఎరుపు. రంగు మారే చోటల్లా వేలితో దారం తిప్పి, ఇనుప పంజాతో కొట్టి బిగించాడు.

స్నేహలతకు దిగులు పట్టుకుంది. గడువు పదిహేను రోజుల్లో నాలుగు అప్పుడే పోయాయి. తను పెట్టిన వేలికి ఈ శిక్ష. ఇంజినీరుకు తనే డబ్బు ఇస్తానంది. తండ్రి వినలేదు. ఇక ఆమె రోజూ వచ్చి గడప మీద కూర్చుంది, చేయగలిగింది ఏమీ లేక.

కూర్చోగా కూర్చోగా, ఒక సంగతి ఆమె కళ్ల ముందుకు వచ్చింది. నేసినదంతా ఎప్పటికప్పుడు ముందున్న దూలానికి చుట్టుకుపోతోంది. తండ్రి ఎదుట జానెడు మాత్రమే కనిపిస్తోంది. వంటిల్లు నేయగానే చుట్టలోకి వెళ్లిపోయింది. సగం దూరం పోయాక నడిమింటి గోడ రావాలి, ఇప్పుడు కనిపించని వంటింటి గోడకు సరిగ్గా ఎదురుగా. ఆయన ఒక్కసారి కూడా చుట్ట విప్పి చూసుకోలేదు. పెదవులు కదులుతున్నాయి, అంతే. బడిలో బోర్డు మీద రెండు మెట్ల లెక్క మరిచిపోయి వెనక్కి చూసుకునే మనిషి ఆమె.

"మొత్తం సూడకుండ ఎట్ల నేస్తానవు, బాపు?"

"మొత్తం దాంట్లనే ఉంటాన కద బిడ్డా" అన్నాడు ఆయన, పంజా ఆపకుండానే.

ఆ మాట విన్నాక స్నేహలత ఇక గడువు మాట ఎత్తలేదు. బయట మే నెల ఎండకు గల్లీలో సిమెంటు రోడ్డు పొగలు కక్కుతోంది. గుంటలో నుంచి మాత్రం తడిమట్టి చల్లదనం పైకి వస్తోంది. ఆ చల్లదనం లేకపోతే నూలు ఊరికే తెగిపోతుందని తండ్రి ఎప్పుడో చెప్పింది ఆమెకు గుర్తుకొచ్చింది. ఆయన కాళ్లు ఆ చీకట్లో లేస్తూ దిగుతూ ఉన్నాయి. ఏ చెక్క ఎప్పుడు తొక్కాలో వాటికే తెలుసు. చిన్నప్పుడు ఆ కాళ్ల చప్పుడు వింటూనే తను నిద్రపోయేది. అది వినడమే తప్ప చూడడం ఇదే మొదలు.

పని తొమ్మిది రోజులు సాగింది. ఆదివారం సాయంత్రం కోసి, చుట్టగానే పాత ధోతిలో కట్టాడు. అప్పుడూ విప్పలేదు. "ఇంట్ల పరిస్తే ఇంట్ల ఇల్లు పరిసినట్టుంటది. రేపు సూద్దాం" అన్నాడు.

ప్రజావాణి హాల్లో వందమంది దాకా ఉన్నారు. వరుసలో వీళ్ల వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. బల్ల వెనుక పెద్ద ఆఫీసరు మేడం, పక్కన గుమాస్తా, ఇంకా ఇద్దరు ముగ్గురు. కొమురెల్లి చంకలోని చుట్ట దించగానే గుమాస్తా లేచాడు.

"జంపఖానాలు అమ్మేది ఇక్కడ కాదు పెద్దాయనా. ప్లాన్ ఏది?"

"ఇదే సార్" అని కొమురెల్లి వంగి, చుట్టను ఒక్క తోపు తోశాడు.

అది నేల మీద దొర్లుకుంటూ విచ్చుకుంది. ముందున్నవాళ్లు కాళ్లు వెనక్కి తీసుకున్నారు. స్నేహలత తన ఇంటిని పైనుంచి చూసింది. ఆకాశంలో పోయే పిట్టకు కనిపించినట్టు. నల్లటి గోడలు ఎక్కడా వంకర లేకుండా కలిశాయి. తలుపులున్న చోట తెల్లటి సందులు. వంటింట్లో పొయ్యి. బావికి గుండ్రటి నీలం. చెట్టు. మగ్గం గదిలో తమలపాకంత ఎర్రటి చదరం. పక్క అంచున ఇంకో చిన్న బొమ్మ: గుంటను నిలువునా కోస్తే ఎలా కనిపిస్తుందో అలా, రెండు రాతి గోడల మధ్య రెండు కాళ్లు, మోకాళ్ల దాకా. తను పుట్టిన గది ఏదో చెప్పకుండానే తెలుస్తోంది. చప్పున కళ్లు నిండి ఆమె పక్కకు తిరిగింది.

వెనక కుర్చీల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. మేడం బల్ల చుట్టూ తిరిగి వచ్చి, చెప్పులు విప్పి ఒక పక్కకు పెట్టి, అంచు దగ్గర వంగింది.

"ఇది కొలతకు నేశారా?"

"అడుగుకు ఇరవై నాలుగు పేకలమ్మా. లెక్కపెట్టుకోన్రి."

మేడం టేపు తెప్పించింది. సర్వేయరు ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని కొలిచాడు. ఆఫీసు లెక్కతో పోల్చి చూసుకున్నాడు. వెడల్పు ఇరవై అడుగులు, సరిపోయింది. మగ్గం గది సరిపోయింది. పొడవు దగ్గర ఆగాడు.

"ఇక్కడ ముప్పై ఆరు వచ్చింది మేడం. మన రికార్డులో ముప్పై ఎనిమిది ఉంది. పెద్దాయన తప్పు నేశాడు."

"తప్పు నేయలే సార్. రెండడుగులు ముందట మీ మోరీ బండలుంటయి. అవి మా ఇంటివి కావు. అందుకే నేయలే."

సర్వేయరు కాగితం వైపు, జంపఖానా వైపు మార్చి మార్చి చూశాడు. వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో, "అంటే మోరీకి గూడ మనమే పన్ను కడతానమా" అన్నారు. గల్లీకి వచ్చి చూసుకుంటే నిజమో కాదో తేలేదే, కానీ హాల్లో ఉన్న ఎవరికీ అనుమానం మిగల్లేదు.

"మరి ఈ సెల్లార్?" అంది మేడం, ఎర్రటి చదరం చూపిస్తూ.

"సెల్లార్ల మనిషి నిలవడాలె కదమ్మా. దీంట్ల మోకాళ్లే నిలవడుతయి. చౌరస్తాల ఒకాయన్ను కూసోపెట్టిన్రు, ఆయనకు గుంట తవ్వలే. నాది పూడ్చుమన్నరు. ఇగ ఇద్దరం బాసిపట్లేసుకొని కూసుంటం, నేసేటోడు ఎవడుండడు."

ఆయన గొంతు పెంచలేదు. బీరువా పట్టదని చెప్పే గొంతే. మేడం గుమాస్తాతో దాన్ని ఫైల్లో పెట్టమంది. గుమాస్తా జంపఖానాను ఒక మూల ఎత్తి, కాగితాలకు బొక్కలు కొట్టే మిషను చేతిలో పట్టుకుని, ఎక్కడ కొట్టాలో తోచక నిలబడిపోయాడు. చివరికి ఫొటో తీసి, దాన్ని ప్రింటు కొట్టి పెట్టారు.

మర్నాడు మేడం కాశిబుగ్గకు వచ్చింది. మోరీ బండలు కొలిపించింది. లోపలికి వచ్చి, ఎవరూ అనకముందే గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదిలింది.

"చల్లగా ఉంది" అంది, అంతే.

కాగితంలో సెల్లార్ కొట్టేశారు. మోరీ రెండడుగులు కొట్టేశారు. మగ్గం గదిని మాత్రం వ్యాపారం లెక్కలోంచి తీసే అధికారం తనకు లేదని, పైనుంచి ఉత్తర్వు రావాలని మేడం చెప్పింది. అలా పన్ను నాలుగింతలు కాకపోయినా రెండింతలు అయింది. కొమురెల్లి కట్టాడు. కట్టి వచ్చి, "చౌరస్తాల నీళ్లు చిమ్మే గొట్టం రెండురోజులకే బందైందట. మన పైసలు అందులకేనేమో" అన్నాడు సరోజనతో, పేక దారం నింపిన నాడె అందుకుంటూ.

తర్వాత రెండేళ్లు నేశాడు. మూడో ఏడు వానాకాలం చివర, మగ్గం మీద సగం పని ఉండగానే, దవాఖానకు తీసుకుపోయే తీరిక కూడా ఇవ్వకుండా పోయాడు. మంచం మీద నుంచి దించి, ఇంటి బొమ్మ ఉన్న ఆ జంపఖానా మీదే పడుకోబెట్టారు. దాని పొడవు సరిగ్గా ఆయనకు సరిపోయింది. తల వంటింటి మీద, కాళ్లు మగ్గం గది మీద. అది ఎవరూ కావాలని చేసింది కాదు. స్నేహలత మాత్రం ఆ పాదాల దగ్గర కూర్చుని, ఎర్రటి చదరాన్ని చూస్తూ ఉండిపోయింది. ఏడుపు చాలాసేపటి దాకా రాలేదు.

పోయిన మనిషి కింద పరిచింది ఇంట్లో పెట్టుకోకూడదు, ఇచ్చేయాలి. కర్మలు చేయించడానికి వచ్చిన పెద్దలు ఆ మాటే అన్నారు. సరోజన దాన్ని తన చేత్తోనే ఉతికి దండెం మీద వేసింది. "ఇల్లు ఉంచుకుంటాన. ఇంటి బొమ్మ ఉంచుకుంటే ఏంది?" అంది. ఎదురింటి సదానందం, ఎప్పుడూ అన్నిటికీ అడ్డం చెప్పేవాడు, "ఉండనియ్యిన్రి" అన్నాడు.

స్నేహలత సెలవు రోజుల్లో వచ్చి ఆ సగం పని పూర్తి చేయడానికి కూర్చునేది. అంచులు వంకరపోయేవి. విప్పి మళ్లీ నేసేది.

ఈ ఏడు మళ్లీ ఇళ్లు కొలుస్తున్నారు. ఈసారి వాళ్లే ఇంటింటికీ వస్తున్నారు. ఒక ఆదివారం ఓంప్రకాశ్ చేతిలో పలక లాంటి కంప్యూటర్‌తో గడప దగ్గర నిలబడ్డాడు. స్నేహలత మగ్గం మీద ఉంది. అంతస్తులు, గోడలు, కప్పు అన్నీ అడిగాడు. తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. చేతిలో నాడె ఆగిపోయింది.

"భూమి కింద..." అని ఓంప్రకాశ్ మొదలుపెట్టి, ఆపి, కంప్యూటర్‌ను ఆమె వైపు తిప్పాడు. "నువ్వే సూడు స్నేహక్కా."

సెల్లార్. గోదాము. నీళ్ల సంపు. నాలుగోది, మగ్గం గుంట. దాని పక్కన పన్ను సున్నా.

"ఎప్పుడు పెట్టిన్రు ఇది?"

"ఆ మేడం బదిలీ అయి పోయే ముందు రాసి పోయిందట. ఇప్పుడు అందరి ఇండ్లల్ల ఇదే అడుగుతానం. కొత్తవాడ దిక్కు పోయినా ఇదే. ఎవలు పెట్టిన్రో వాళ్లకు తెల్వది." ఓంప్రకాశ్ గొంతు తగ్గించాడు. "నాకు ఎరుకే కద."

స్నేహలత ఆ జానెడు అద్దాన్ని చూసింది. ఊరంతటి ఇళ్లూ పట్టే కాగితంలో, ఒక వరుస బాపు నేసి పోయాడు. చుట్ట విప్పి చూసుకోకుండానే.

"ఉన్నదని కొట్టాల్నా, పూడ్చిన్రా?" అన్నాడు ఓంప్రకాశ్.

"ఉన్నది. కొట్టు."

"లోతు అడుగుతాంది అక్కా. టేపు ఉన్నదా?"

"ఆగు" అని స్నేహలత కాళ్లు గుంటలోంచి తీసి, లోపలికి పోయి, దండెం మీది జంపఖానా తెచ్చి నేల మీద పరిచింది. పక్క అంచున రెండు కాళ్ల బొమ్మ దగ్గర వంగి, సూది మొనతో ఒక్కో వరుసా ఎంచడం మొదలుపెట్టింది. ఓంప్రకాశ్ గడప బయటే చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డాడు. లోపలి గదిలో కండెల చక్రం చప్పుడు ఆగింది.

నలభై ఎనిమిది.

"రెండడుగులు" అంది స్నేహలత. "రాసుకో."